రిక్రూట్‌మెంట్‌లో బిడ్ రాలేదా? క్యాంపస్‌లో కొత్తగా మొదలయ్యే సొరోరిటీ చాప్టర్‌లో చేరడం ఎలా

అమెరికా యూనివర్సిటీల్లో సొరోరిటీ (అమ్మాయిల విద్యార్థి సంఘం) రిక్రూట్‌మెంట్ ముగియగానే నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తుంటాయి. "అక్కా, రౌండ్లన్నీ తిరిగాను. చివరికి బిడ్ రాలేదు. మా క్యాంపస్‌కి కొత్త సొరోరిటీ ఒకటి వస్తోందట. దానికి ట్రై చెయ్యొచ్చా?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు అంతా ఒకచోట పెడుతున్నాను. బిడ్ అంటే చేరమని సొరోరిటీ ఇచ్చే పిలుపు, చాప్టర్ అంటే ఒక్కో క్యాంపస్‌లో ఉండే దాని శాఖ.

చెయ్యొచ్చు. కానీ ఫార్మల్ రిక్రూట్‌మెంట్‌లో నడిచినట్టే ఇక్కడా నడుస్తుందనుకుంటే దెబ్బతింటారు. అక్కడ మిమ్మల్ని చూసేది ఆ చాప్టర్‌లో అప్పటికే ఉన్న అమ్మాయిలు. "ఈ అమ్మాయి మాతో కలుస్తుందా" అన్నదే వాళ్ల లెక్క. కొత్త చాప్టర్‌లో ఆ అమ్మాయిలే ఉండరు. హెడ్‌క్వార్టర్స్ నుంచి వచ్చిన కొద్దిమంది కన్సల్టెంట్లు, చుట్టుపక్కల ఉండే పూర్వ సభ్యులు కలిసి, ఏమీ లేనిచోట చాప్టర్‌ని నిలబెట్టగలిగేవాళ్ల కోసం వెతుకుతారు. అందంగా మాట్లాడేవాళ్ల కంటే పని మొదలుపెట్టి పూర్తిచేసేవాళ్లు వాళ్లకి కావాలి. కింద చెప్పే మెట్లన్నీ ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇదంతా సొరోరిటీల జాతీయ సమాఖ్య అయిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ (ఎన్‌పీసీ) నిబంధనల ప్రకారం నడిచే సొరోరిటీల గురించి. ఇవి అండర్‌గ్రాడ్యుయేట్ అమ్మాయిల కోసం. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా ఎంఎస్‌కి వచ్చినవాళ్లకు ఈ దారి లేదు. ఎఫ్-1 వీసా మీద బ్యాచిలర్స్ చదువుతున్నవాళ్లకు వీసా అడ్డు కాదు.

1. మీరు ఏ గుమ్మంలోంచి బయటికొచ్చారో ముందు తేల్చుకోండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. ఇది తేలకుండా మిగతావి చేసి లాభం లేదు. "రిక్రూట్‌మెంట్ కుదరలేదు" అనే మాట వెనక కనీసం అయిదు రకాల పరిస్థితులుంటాయి. కొన్నిటిలో మీరు రేపే కొత్త చాప్టర్‌లో చేరొచ్చు, కొన్నిటిలో ఏడాది దాకా కుదరదు.

అంతా ఒక సంతకం మీద ఆధారపడి ఉంటుంది. చివరి రౌండ్ అయిన ప్రిఫరెన్స్ అయ్యాక మీకు ఇష్టమైన చాప్టర్లను వరుసలో రాసి ఒక ఒప్పందం మీద సంతకం చేస్తారు. దాన్ని ఎంఆర్ఏబీఏ (మెంబర్‌షిప్ రిక్రూట్‌మెంట్ యాక్సెప్టెన్స్ బైండింగ్ అగ్రిమెంట్) అంటారు. చాలామంది ఫోన్‌లో చదవకుండానే ఓకే కొట్టేస్తారు. అందులో ఉన్నది ఇంతే: మీరు రాసిన చాప్టర్లలో ఏది బిడ్ ఇచ్చినా మీరు దానికి కట్టుబడినట్టే.

మీ పరిస్థితి వీటిలో ఏదో చూసుకోండి:

- మధ్యలో మీరే తప్పుకున్నారు, లేదా చాప్టర్లన్నీ వదిలేశాయి. ఎంఆర్ఏబీఏ మీద సంతకం పెట్టలేదు. కొత్త చాప్టర్‌లో చేరొచ్చు.
- సంతకం పెట్టారు, కానీ రాసిన ఏ చాప్టర్ నుంచీ బిడ్ రాలేదు. చేరొచ్చు.
- సంతకం పెట్టారు, బిడ్ వచ్చింది, మీకు నచ్చక వద్దన్నారు. ఆ క్యాంపస్‌లో తర్వాతి ప్రైమరీ రిక్రూట్‌మెంట్ (ఏటా జరిగే ప్రధాన రిక్రూట్‌మెంట్) దాకా వేరే ఎన్‌పీసీ సొరోరిటీలో చేరకూడదు.
- బిడ్ తీసుకుని చేరారు, పూర్తి సభ్యత్వం ఇచ్చే వేడుక అయిన ఇనిషియేషన్‌కి ముందే మానేశారు. ఇదీ పైదానిలాంటిదే. ఆగాలి.
- ఇనిషియేషన్ అయిపోయాక బయటికొచ్చారు. ఇంకో ఎన్‌పీసీ సొరోరిటీలో ఎప్పటికీ చేరలేరు, క్యాంపస్ మారినా సరే.

మూడో రకం వాళ్లే ఎక్కువ తికమకపడతారు. "బిడ్ డేకి నేను వెళ్లనే లేదు కదా, ఇక వద్దన్నట్టు ఎలా అవుతుంది?" అని అడుగుతారు. వెళ్లకపోయినా బిడ్ వచ్చినట్టే, మీరు కట్టుబడినట్టే. "నన్ను రెండో ఛాయిస్‌లో వేశారు" అన్నా ఒప్పుకోరు, ఆ రెండో పేరు రాసింది మీరే కదా.

ఆగాల్సినవాళ్లు డీలా పడక్కర్లేదు. ఆ నిషేధం ఆ క్యాంపస్‌కి, ఆ కాలానికి మాత్రమే. ఈ ఏడాది మొదలైన చాప్టర్ వచ్చే ఏడాది ప్రైమరీ రిక్రూట్‌మెంట్‌లో మామూలు చాప్టర్ లాగే కూర్చుంటుంది. అప్పుడు వెళ్లొచ్చు.

మీకు ఏది వర్తిస్తుందో స్నేహితుల మాట మీద నమ్మకండి. ఫ్రాటర్నిటీ అండ్ సొరోరిటీ లైఫ్ ఆఫీసులో పాన్‌హెలెనిక్ అడ్వైజర్ ఉంటారు. ఆమెకి రెండు వాక్యాల ఈమెయిల్ చాలు: ఈ సీజన్‌లో నా రికార్డు ఏ స్థితిలో ముగిసింది, కొత్త చాప్టర్‌లో చేరడానికి నేను అర్హురాలినా. జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి. ఫోన్‌లో చెప్పింది తర్వాత గుర్తుండదు.

ఇంకా రిక్రూట్‌మెంట్ మధ్యలో ఉండి ఇది చదువుతున్నారా? కొత్త చాప్టరే కావాలని మీ మనసులో గట్టిగా ఉంటే, ప్రిఫరెన్స్ రాత్రి సంతకానికి ముందే మీ రిక్రూట్‌మెంట్ కౌన్సిలర్‌ని అడగండి. కొన్నిచోట్ల కొత్త సొరోరిటీ మొదటి రౌండ్లలో మాత్రమే కనిపించి, చివరి మ్యాచింగ్‌లో ఉండదు. అక్కడ వేరే పేరు రాసి సంతకం పెడితే కొత్త చాప్టర్ దారి మీరే మూసుకున్నట్టు. అలాగని కొత్తది తప్పకుండా తీసుకుంటుందని గ్యారంటీ కూడా లేదు. రెండువైపులా చూసుకునే నిర్ణయించుకోవాలి.

2. ఆ చాప్టర్ ఎంతవరకు వచ్చిందో కనుక్కోండి

"కొత్త సొరోరిటీ వస్తోందట" అన్న మాటకి చాలా అర్థాలుంటాయి. క్యాంపస్ పాన్‌హెలెనిక్ కౌన్సిల్ (అక్కడి సొరోరిటీల ఉమ్మడి మండలి) ఓటు వేసి తలుపు మాత్రమే తెరిచి ఉండొచ్చు. రెండు మూడు సంస్థలు వచ్చి ప్రెజెంటేషన్లు ఇస్తూ ఉండొచ్చు. సంస్థని ఎంచుకున్నా, వచ్చేది వచ్చే స్ప్రింగ్‌లో కావొచ్చు. కన్సల్టెంట్లు ఆల్రెడీ క్యాంపస్‌లో దిగి కాఫీ షాప్‌లో కూర్చుని కూడా ఉండొచ్చు.

చూడాల్సిన చోట్లు మూడు: మీ క్యాంపస్ పాన్‌హెలెనిక్ వెబ్‌సైట్, దాని ఇన్‌స్టాగ్రామ్, ఆ సొరోరిటీ జాతీయ వెబ్‌సైట్‌లో కొత్త చాప్టర్ల పేజీ. జాతీయ పేజీలో సాధారణంగా ఆసక్తి తెలిపే ఫారం ఉంటుంది. పాత పేజీల్లో "కాలనీ" అని రాసి ఉంటే అది కూడా కొత్త చాప్టరే.

తేదీల విషయంలో జాగ్రత్త. చాలాచోట్ల బిడ్ డే అయిన కొద్ది రోజులకే కొత్త చాప్టర్ తన రిక్రూట్‌మెంట్ పెట్టుకుంటుంది. బిడ్ రానివాళ్లు, అసలు రిక్రూట్‌మెంట్‌కే వెళ్లనివాళ్లు అప్పుడు అందుబాటులో ఉంటారు. మొత్తం వ్యవహారం వారం పది రోజుల్లో ముగిసిపోవచ్చు. "మనసు కుదుటపడ్డాక చూద్దాం" అనుకుంటే సమయం దాటిపోతుంది. ఒక రోజు ఏడవండి, రెండో రోజు ఫారం నింపండి.

ఇంకో విషయం కనుక్కోండి. ఆ సొరోరిటీ మీ క్యాంపస్‌కి మొదటిసారి వస్తోందా, లేక మూతపడి మళ్లీ వస్తోందా? మళ్లీ వస్తుంటే ఎందుకు మూతపడిందో అడగండి. సభ్యులు తగ్గిపోవడం ఒక రకం కారణం, క్రమశిక్షణ చర్య ఇంకో రకం. పాత సభ్యుల ఇల్లు, డబ్బు, అండ ఉంటే మళ్లీ రావడం మీకు లాభం కూడా.

3. చేతిలో ఉండాల్సిన కాగితాలు

ఇది చిన్న పని. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

- ట్రాన్‌స్క్రిప్ట్. ఫస్ట్ ఇయర్ ఫాల్‌లో హైస్కూల్ జీపీఏ చూస్తారు. ఒక సెమిస్టర్ అయ్యాక కాలేజీ జీపీఏ చూస్తారు.
- ఆ సంస్థ కనీస జీపీఏ ఎంతో తెలుసుకోవాలి. సంస్థని బట్టి మారుతుంది, అడిగితే చెప్తారు.
- ఫుల్‌టైమ్ ఎన్‌రోల్‌మెంట్ రుజువు.
- ఒక పేజీ రెజ్యూమే. ఉద్యోగానికి పంపే లాంటిది కాదు. మీరు నడిపిన పనులు, పట్టిన బాధ్యతలు కనిపించాలి.
- మామూలుగా తీసుకున్న ఒక ఫోటో. ఫిల్టర్లు వద్దు.
- ఈ సెమిస్టర్ టైమ్‌టేబుల్, ల్యాబ్‌లతో సహా.

కొత్త చాప్టర్ స్ప్రింగ్‌లో వస్తోందంటే, ఫాల్ సెమిస్టర్ మార్కులే మీ అప్లికేషన్. ఆర్గానిక్ కెమిస్ట్రీ వదిలేసి సొరోరిటీ గురించి రీల్స్ చూస్తూ కూర్చుంటే రెండూ పోతాయి.

సిఫార్సు లేఖలు కావాలా అని చాలామంది భయపడతారు, ముఖ్యంగా ఇంట్లో ఎవరూ అమెరికాలో సొరోరిటీ ముఖం చూడని మన కుటుంబాల వాళ్లు. చాలా సంస్థలు వాటిని తప్పనిసరి అనడం మానేశాయి. కొత్త చాప్టర్ దగ్గర అవి ఇంకా తక్కువ బరువు. తెలిసిన పూర్వ సభ్యురాలు ఉంటే రాయించుకోండి, లేకపోతే వదిలేయండి.

4. డబ్బు, టైమ్ లెక్క ఇంటర్వ్యూకి ముందే

మనవాళ్లలో ఎక్కువగా గొడవయ్యేది ఇక్కడే. అమ్మాయి ఉత్సాహంగా చేరుతుంది, అక్టోబర్‌లో బిల్లు వస్తుంది, ఇంట్లో రభస మొదలవుతుంది. ముందే అడిగితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. డబ్బు గురించి అడిగితే చులకన అవుతామనుకోకండి. కన్సల్టెంట్లు రోజూ వినే ప్రశ్న అది.

మొత్తం ఎంత అని అడగొద్దు. విడదీసి రాసిన కాగితం అడగండి:

- న్యూ మెంబర్ ఫీజు, ఇనిషియేషన్ ఫీజు, బ్యాడ్జ్ ఖర్చు. ఇవి ఒక్కసారివి, మొదటి సెమిస్టర్‌నే భారంగా మారుస్తాయి.
- ప్రతి సెమిస్టర్ డ్యూస్ (సభ్యత్వ రుసుము), జాతీయ ఫీజు.
- ఇల్లు ఉందా? లేకపోతే తర్వాత కట్టబోయే ఇంటి కోసం ఇప్పుడే ఏమైనా వసూలు చేస్తారా?
- ఇల్లు వచ్చాక అందులో ఉండి తీరాలన్న నియమం ఉంటుందా? భోజనం డబ్బు కట్టాలా? శాకాహారం దొరుకుతుందా?
- టీషర్టులు, ఫోటోలు, ఫార్మల్స్‌కి అదనంగా ఎంత పడుతుంది?
- మీటింగ్‌కి రాకపోతే జరిమానా ఉందా?
- వాయిదాల్లో కట్టొచ్చా? స్కాలర్‌షిప్‌లు ఉన్నాయా?

డ్యూస్ క్యాంపస్‌ని బట్టి బాగా మారతాయి. ఇల్లు లేని చోట సెమిస్టర్‌కి కొన్ని వందల డాలర్లు, పెద్ద ఇల్లు, వంటవాళ్లు ఉన్న దక్షిణాది క్యాంపస్‌లలో వేలల్లో. మీ బంధువుల అమ్మాయి వేరే రాష్ట్రంలో ఎంత కట్టిందో మీకు ఉపయోగపడదు.

టైమ్ సంగతి ఇంకా ముఖ్యం. పాత చాప్టర్‌లో కొత్త సభ్యురాలు మీటింగ్‌కి వెళ్లి కూర్చుంటే చాలు. కొత్త చాప్టర్‌లో మొదటి ఏడాది ప్రతిదీ మీరే తయారు చేసుకోవాలి: బడ్జెట్, కమిటీలు, మొదటి ఛారిటీ ఈవెంట్, వచ్చే రిక్రూట్‌మెంట్‌కి పాటలు, అలంకరణ, అన్నీ. ప్రీమెడ్, ఇంజనీరింగ్ అమ్మాయిలు చేరకూడదని కాదు. చేరి మంచి పదవులు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని, వారంలో ఏ సాయంత్రాలు నిజంగా ఖాళీయో రాసుకుని చూసుకోండి. ఇనిషియేషన్ వీకెండ్ తేదీ అడిగి, ఇంట్లో పెళ్లి ఏదైనా అదే రోజు పడుతోందేమో ఇప్పుడే చూడండి.

5. మొదటి పలకరింపు

ఆన్‌లైన్ ఫారం నింపి ఊరుకోకండి. ఆ ఫారంలో వందల పేర్లు పడతాయి. క్యాంపస్‌లో వాళ్లు టేబుల్ పెట్టుకుని కూర్చుంటే వెళ్లి పలకరించండి. టేబుల్ దొరక్కపోతే కన్సల్టెంట్‌కి చిన్న ఈమెయిల్ రాయండి. అందులో ఈ విషయాలు చాలు: పేరు, ఏ ఇయర్, ఏ మేజర్, ఎంఆర్ఏబీఏ పరంగా అర్హత ఉందని పాన్‌హెలెనిక్ ఆఫీసు చెప్పిందని, మీరు చేసిన ఒక పని గురించి ఒకే వాక్యం, ఏ రోజుల్లో కలవగలరో.

మీ పేరు పొడుగ్గా ఉంటే కుదించాలా అని అడుగుతారు. మీ ఇష్టం. మీరు స్నేహితుల దగ్గర వాడే పొట్టిపేరు ఉంటే అదే చెప్పండి. లేకపోతే పూర్తి పేరే చెప్పి, ఎలా పలకాలో ఒకసారి నెమ్మదిగా నేర్పండి. కంగారుగా "ఏదైనా పిలవండి, పర్లేదు" అనకండి. రేపు చాప్టర్ తరఫున నిలబడాల్సిన మనిషి అలా అంటే వినడానికి బాగుండదు.

ఇన్‌స్టాగ్రామ్ పబ్లిక్‌గా ఉంటే ఒకసారి పైనుంచి కిందికి చూడండి. తీసేయాల్సింది పార్టీ ఫోటోలే కాదు. బిడ్ డే రాత్రి కోపంలో పెట్టిన స్టోరీలు, ఫలానా చాప్టర్ వాళ్ల మీద వేసిన సెటైర్లు ముందు పోవాలి.

6. ఇన్ఫో సెషన్‌లో ఏం చెయ్యాలి

మొదటి సెషన్‌కే వెళ్లండి. ఒకటికి మించి ఉంటే రెండోదానికీ వెళ్లండి, మీ ముఖం గుర్తుంటుంది. గుంపుగా వెళ్లొద్దు. రూమ్‌మేట్‌తో వెళ్లినా లోపల వేరువేరుగా కూర్చోండి.

జీన్స్, మంచి టాప్, శుభ్రమైన షూస్ చాలు. 2021లో టిక్‌టాక్‌లో అలబామా రిక్రూట్‌మెంట్ వీడియోలు పాపులర్ అయిన దగ్గర్నుంచి ప్రతి రౌండ్‌కి కొత్త డ్రెస్ కొనాలనే టెన్షన్ పట్టుకుంది అందరికీ. ఇక్కడ ఆ ఖర్చు అక్కర్లేదు.

సెషన్ అయ్యాక కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లి ఒక ప్రశ్న అడగండి. వెబ్‌సైట్‌లో దొరకనిది అయితే మంచిది. "మొదటి ఏడాది ఎగ్జిక్యూటివ్ బోర్డుని ఎలా ఎంచుకుంటారు?" లేదా "మీరు వెళ్లిపోయాక మాకు రోజూ అండగా ఉండేది ఎవరు?" లాంటివి. రెండో ప్రశ్న మీకూ అవసరమే. కన్సల్టెంట్లు కొంతకాలం ఉండి వెళ్లిపోతారు. ఆ తర్వాత అడ్వైజర్లుగా ఉండే స్థానిక పూర్వ సభ్యులు ఎంత గట్టివాళ్లయితే చాప్టర్ అంత గట్టిగా నిలుస్తుంది.

7. ఇంటర్వ్యూ

ఎక్కువచోట్ల ఒకరితో ఒకరు కూర్చుని మాట్లాడే చిన్న ఇంటర్వ్యూ ఉంటుంది. ఫార్మల్ రిక్రూట్‌మెంట్‌లో హాలంతా అరుపుల మధ్య పది మందితో మాట్లాడి అలిసిపోయినవాళ్లకి ఇది ఊరట. గట్టిగా, గలగలా మాట్లాడలేని అమ్మాయిలు ఇక్కడే రాణిస్తారు.

మన పిల్లలకి ఒక ఇబ్బంది ఉంది. సొంత డబ్బా కొట్టుకోకూడదని ఇంట్లో నేర్పుతారు. అందుకే అడిగిన ప్రతిదానికీ "మేం చేశాం", "మా టీమ్ చేసింది" అంటారు. అవతలి మనిషికి మీరేం చేశారో అర్థం కాదు. "నేను" అనే మాటతో మొదలయ్యే వాక్యాలు కొన్ని ముందే తయారు చేసుకోండి.

ఉదాహరణకి "నేను కూచిపూడి డాన్సర్‌ని, అరంగేట్రం చేశాను" అంటే వినడానికి బాగుంటుంది, అంతే. "అరంగేట్రానికి హాల్ బుక్ చెయ్యడం, ఆర్కెస్ట్రా వాళ్ల ప్రయాణాలు, ప్రోగ్రాం పుస్తకం ప్రింటింగ్ నేనే చూసుకున్నాను. చివరి వారంలో లైటింగ్ మనిషి రానంటే వేరేవాళ్లని వెతికాను" అంటే కన్సల్టెంట్ నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. తానా, ఆటా సభల్లో రిజిస్ట్రేషన్ డెస్క్ నడిపినా, గుడిలో బాలవిహార్ క్లాసులు చెప్పినా, హైస్కూల్లో రోబోటిక్స్ టీమ్ డబ్బు లెక్కలు చూసినా అంతే. ఎంతమంది, ఎంత డబ్బు, ఏం చెడిపోయింది, మీరేం చేశారు. ఈ నాలుగూ చెప్పండి.

తప్పకుండా వచ్చే ప్రశ్నలు:

*కొత్త చాప్టరే ఎందుకు?* "మిగతావాళ్లు తీసుకోలేదు కాబట్టి" అనేది నిజమే కావొచ్చు, అదొక్కటే కారణమైతే చేరకండి. ఇక్కడ ఏం కట్టాలనుందో ఒక్కటి చెప్పండి. ఫస్ట్ ఇయర్ వాళ్లకి చదువులో సాయం చేసే పద్ధతి కావొచ్చు, మీకు బాగా తెలిసిన సేవా కార్యక్రమం కావొచ్చు. ఆ సంస్థ జాతీయ స్థాయిలో ఏ సేవకి డబ్బు పోగుచేస్తుందో ముందే చదివి వెళ్లండి.

*ఫార్మల్ రిక్రూట్‌మెంట్ ఎలా జరిగింది?* వాళ్లకి ఆల్రెడీ తెలుసు, దాచకండి, సాగదీయకండి. "రెండో రౌండ్ తర్వాత నాకు పిలుపులు రాలేదు. కొంచెం బాధపడ్డాను. కానీ ఆ వారంలో నాకు ఎలాంటి గ్రూప్ కావాలో తెలిసింది" అంతవరకు చాలు. ఏ చాప్టర్ పేరూ ఎత్తొద్దు. పెద్ద క్యాంపస్‌లలో, ఎక్కువమంది కోరుకునే చాప్టర్లు మొదటి రౌండ్ల తర్వాతే చాలామందిని వదలాలని లెక్కలే చెప్తాయి. అది మీ మీద తీర్పు కాదని కన్సల్టెంట్‌కి బాగా తెలుసు.

*వారానికి ఎంత టైమ్ ఇవ్వగలరు?* నాలుగో మెట్టులో వేసుకున్న లెక్క చెప్పండి. "ఎంతైనా" అని చెప్పొద్దు, ఎవరూ నమ్మరు.

*తోటివాళ్లతో తేడా వస్తే?* నిజంగా జరిగిన ఒక సంఘటన చెప్పండి. గ్రూప్ ప్రాజెక్ట్ అయినా సరే.

ఇక మీ వంతు. అడ్వైజర్లు ఎవరు, పూర్వ సభ్యులు ఎంతమంది ఊళ్లో ఉన్నారు, ఇన్‌స్టలేషన్ (చాప్టర్ అధికారికంగా ఏర్పడే కార్యక్రమం) ఎప్పుడు, చాప్టర్ నిలదొక్కుకోకపోతే సభ్యుల సంగతేంటి అని అడగండి. చివరి ప్రశ్న మీకు అవసరం. ఇనిషియేట్ అయ్యాక చాప్టర్ మూతపడినా మీరు ఇంకో ఎన్‌పీసీ సొరోరిటీకి మారలేరు. ఇనిషియేషన్ ఆచారాలు గోప్యంగా ఉంటాయి. కొన్ని సంస్థల సంప్రదాయాలకి క్రైస్తవ మూలాలున్నాయి. మీకు అది ముఖ్యమైతే, మతపరమైన ప్రమాణం ఏదైనా చేయిస్తారా అని సూటిగా అడగండి. గోప్యం చెప్పకుండానే దీనికి జవాబు ఇవ్వగలరు.

లేచేముందు "నాకు ఇందులో చేరాలనుంది" అని నోటితో చెప్పండి. అడగందే అమ్మైనా పెట్టదు. ఎంతోమంది ఈ ఒక్కమాట చెప్పకుండా వచ్చేసి, ఆసక్తి లేదనుకునేలా చేస్తారు. అదే రోజు సాయంత్రం రెండు లైన్ల థాంక్యూ మెయిల్ పంపండి.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

ఇదో సెకండ్ హ్యాండ్ అవకాశం అన్నట్టు ప్రవర్తించడం. నోటితో చెప్పకపోయినా ముఖంలో తెలిసిపోతుంది. అలా అనిపిస్తుంటే ఇన్ఫో సెషన్ వరకు వెళ్లి, నచ్చకపోతే అక్కడే ఆగిపోవడం మేలు.

సెకండ్ ఇయర్, థర్డ్ ఇయర్ వాళ్లు తమకి చోటు లేదనుకోవడం. తప్పు. పెద్ద క్యాంపస్ రిక్రూట్‌మెంట్లలో ఫస్ట్ ఇయర్ దాటినవాళ్లకి కష్టమే. కొత్త చాప్టర్‌కి మాత్రం క్యాంపస్ తెలిసిన, పదవి పట్టగల సెకండ్, థర్డ్ ఇయర్ వాళ్లు కావాలి. మీ ఇయర్ ఇక్కడ బలం, దాన్ని ముందే చెప్పండి.

ర్యాంకులు పెట్టే అనామక సైట్లు చదవడం. అసలు లేని చాప్టర్‌కి అప్పుడే ర్యాంకు ఇచ్చేసి ఉంటారు. మూసేయండి.

హేజింగ్ (కొత్త సభ్యులను ర్యాగింగ్‌లా వేధించడం) గురించి అడగడానికి మొహమాటపడటం. 2024 డిసెంబర్‌లో వచ్చిన స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం ప్రకారం కాలేజీలు తమ దగ్గర తేలిన హేజింగ్ ఉల్లంఘనల వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. కొత్త చాప్టర్‌కి మీ క్యాంపస్‌లో రికార్డు ఉండదు కదా. అందుకే అదే సొరోరిటీకి చాప్టర్ ఉన్న రెండు మూడు వేరే యూనివర్సిటీల సైట్లు తీసి చూడండి.

ఒకేసారి రెండు చోట్ల మాట ఇవ్వడం. సీవోబీ, అంటే సీజన్ అయ్యాక ఖాళీలున్న చాప్టర్లు జరిపే అనధికారిక రిక్రూట్‌మెంట్ కూడా అప్పుడే నడుస్తుంటుంది. రెండింటికీ వెళ్లడం తప్పు కాదు. ఒక బిడ్ మీద సంతకం పెట్టాక ఇంకోదానికి వెళ్లడం తప్పు.

9. బిడ్ వచ్చిన రోజు

ఫోన్‌లోనో, కార్డు మీదనో బిడ్ వస్తుంది. దానితో వచ్చే కాగితం కూడా మిమ్మల్ని కట్టిపడేసేదే. ఈసారి చదివి సంతకం పెట్టండి.

సంతకానికి ముందు చూసుకోవాల్సినవి:

- ఫీజుల కాగితం చేతికొచ్చిందా, ఇంట్లో వాళ్లు చూశారా?
- జవాబు ఇవ్వాల్సిన గడువు ఎప్పుడు?
- ఇనిషియేషన్, ఇన్‌స్టలేషన్ తేదీలు మీకు కుదురుతాయా?
- బిడ్ తీసుకున్నాక ఇనిషియేషన్‌కి ముందు మానేస్తే ఏం పోగొట్టుకుంటారో అర్థమైందా?

కుదరదనిపిస్తే గడువులోపు మర్యాదగా వద్దని చెప్పండి. జవాబివ్వకుండా మాయమైపోతే ఆ చోటు ఇంకో అమ్మాయికి దక్కకుండా పోతుంది.

10. చేరాక మొదటి సెమిస్టర్

న్యూ మెంబర్ క్లాసులు, పదవుల ఎంపిక, ఇనిషియేషన్, చాప్టర్ అధికారికంగా ఏర్పడే ఇన్‌స్టలేషన్, ఇవన్నీ వరసగా వస్తాయి. అప్పుడు చేరినవాళ్లని చార్టర్ మెంబర్లు అంటారు.

పదవికి తప్పకుండా పేరు ఇవ్వండి, ప్రెసిడెంటే కానక్కర్లేదు. ట్రెజరర్, రిక్రూట్‌మెంట్, స్కాలర్‌షిప్ ఆఫీసర్ పదవులకి పోటీ తక్కువ, చెప్పుకోవడానికి పని ఎక్కువ. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. మొదటి నెలల్లో కొందరు మానేస్తారు. ప్రతి కొత్త చాప్టర్‌లోనూ ఇది జరుగుతుంది. మీ పక్కనున్న అమ్మాయి వెళ్లిపోయిందని మీరూ లేవకండి, కనీసం తర్వాతి రిక్రూట్‌మెంట్ దాకా చూడండి. టేబుల్‌కి అటువైపు కూర్చుని, మిమ్మల్ని చూడటానికి వచ్చిన అమ్మాయిలతో మాట్లాడే రోజు అదే.

11. అమ్మానాన్నలకు

పాన్‌హెలెనిక్ ఆఫీసుకి మీరు ఫోన్ చెయ్యకండి. కన్సల్టెంట్‌కి అసలే చెయ్యకండి. ఇది అమ్మాయి సొంతంగా పనులు చక్కబెట్టుకోగలదా అని చూసే ప్రక్రియ. మీ ఫోన్ ఆమె పేరు పక్కన గుర్తుగా పడుతుంది.

మీరు చెయ్యాల్సినవి: ఫీజు కాగితం చదవడం, నెలకి ఎంత ఇవ్వగలరో ముందే తేల్చడం, మార్కులు ఏ స్థాయికి పడిపోతే మానెయ్యాలో ఆమెతో కలిసి ఇప్పుడే మాట్లాడుకోవడం. మద్యం గురించి భయం ఉంటే ఆమెతోనే మాట్లాడండి. సొరోరిటీ ఇళ్లలో మద్యం నిషేధం మామూలే. ఆమె వెళ్లే పార్టీలు మాత్రం ఆ ఇళ్లలో జరగవు.

"మీ అమ్మాయికి రాలేదట కదా" అని తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లో ఎవరో అడుగుతారు. ఆమె ముందు దాని మీద చర్చ పెట్టకండి.

12. ఇక్కడా బిడ్ రాకపోతే

మూడు దారులున్నాయి. మొదటిది, సీవోబీ. చాప్టర్‌కి క్యాంపస్‌లో ఒక గరిష్ఠ సంఖ్య ఉంటుంది, దాన్ని టోటల్ అంటారు. దానికి తక్కువ ఉన్న చాప్టర్లు సీజన్ అయ్యాక కూడా చేర్చుకుంటాయి. ఏవేవో పాన్‌హెలెనిక్ ఆఫీసు చెప్తుంది. స్ప్రింగ్‌లో మళ్లీ అడగండి, అప్పటికి కొందరు గ్రాడ్యుయేట్ అయి చోట్లు ఖాళీ అవుతాయి.

రెండోది, వచ్చే ఏడాది ప్రైమరీ రిక్రూట్‌మెంట్. మంచి మార్కులు, ఒక క్లబ్‌లో నిజమైన బాధ్యత ఉంటే రెండోసారి మీ సంభాషణ వేరేగా ఉంటుంది.

మూడోది మనవాళ్లు చాలాసార్లు చివర్లో గుర్తు తెచ్చుకుంటారు: దక్షిణాసియా సొరోరిటీలు. హ్యూస్టన్ యూనివర్సిటీలో 1998లో మొదలైన డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో 1998లోనే మొదలైన సిగ్మా సిగ్మా రో, టెక్సస్ ఆస్టిన్‌లో మొదలైన కప్పా ఫై గామా, 1999లో టెక్సస్ ఏ అండ్ ఎంలో మొదలైన డెల్టా కప్పా డెల్టా. ఇవి ఎన్‌పీసీలో లేవు కాబట్టి ఎంఆర్ఏబీఏ నిషేధం వీటికి వర్తించదు. మొదటి మెట్టులో మూడో, నాలుగో రకంలో ఇరుక్కున్నవాళ్లు కూడా వీటికి వెళ్లొచ్చు. వీటిలో రౌండ్లు, మ్యాచింగ్ ఉండవు. ఇన్ఫో నైట్లకి వెళ్లి సభ్యులతో పరిచయం పెంచుకుని అప్లై చెయ్యాలి. ఈ సొరోరిటీలకి మీ క్యాంపస్‌లో చాప్టర్ లేకపోతే, ఆసక్తి ఉన్న స్నేహితురాళ్లని కూడగట్టుకుని జాతీయ సంస్థలో విస్తరణ చూసేవాళ్లకి రాయండి. ఎంతమంది కావాలి, ఎంత జీపీఏ ఉండాలి, యూనివర్సిటీ అనుమతి ఎవరు తీసుకోవాలి అన్న మూడు ప్రశ్నలతో ఆ మెయిల్ మొదలుపెడితే సరిపోతుంది.